కంట్రోలుకు అందని కాగు

ఎసరు ఇంకా మరగలేదు. గాడిపొయ్యిలో పచ్చి పుల్లలు కలిసినట్టున్నాయి, మంట కన్నా పొగ ఎక్కువ, ఆ పొగ పైకి పోకుండా మామిడి కొమ్మల కిందే తారట్లాడుతూ వచ్చి వచ్చి సీతారావమ్మ కళ్ళలోనే పడుతోంది, పడనీ, చూసేవాళ్ళకి ఏడ్చినట్టు కనపడితే కనపడనీ, ఇవాళ ఏడ్చే తీరిక తనకి లేదు. ఆయన తెల్లవారుజామున కాయ బళ్ళతో నూజివీడు వెళ్ళారు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఖాళీ బళ్ళతో తిరిగి వస్తారు. వచ్చేసరికి చివరి చెట్టు కాయ కోయించి, గడ్డి మీద పోయించి, ఎత్తడానికి సిద్ధంగా ఉంచమని మరీ మరీ చెప్పి వెళ్ళారు. చివరి చెట్టు కాయ చెట్టు మీదే ఉంది. ఎత్తడానికి సిద్ధమవుతున్నది పొయ్యి మీది అన్నం గుండిగ. ఆయన ఎడ్ల మువ్వలు దారి మలుపులో వినపడేలోగా ఎసరు మరగాలి, బియ్యం పడాలి, ఉడకాలి, గంజి వార్చాలి, విస్తళ్ళు పరవాలి. విస్తట్లో పడ్డ అన్నాన్ని వెనక్కి తీసే మగవాడు ఇంకా పుట్టలేదు, ఎంతటి వీరరాఘవయ్య గారైనా ఆ పని చెయ్యలేరు. ఆమె ధైర్యమల్లా అదొక్కటే. విస్తట్లో పడేదాకానే భయం.

"మీరు లేవండి అమ్మగోరూ, ఊదేది నేనూదుతాను. పొద్దున్నించీ మంచినీళ్ళు తప్ప ఏం తాగలేదు, ఊదితే ఉన్న ఊపిరి కాస్తా పోద్ది," అంది మగ్దలేనమ్మ. ఈ తోటలో కోతకి వచ్చే ముఠాకి ఆమే పెద్ద. మగవాళ్ళు చిక్కాలు పట్టుకుని చెట్లెక్కుతారు గాని ఏ చెట్టు ముందు, ఏ చెట్టు వెనక అన్నది ఈవిడ నోటి మాట. ఆ నోటిని చూసి ఊళ్ళో సగం మంది భయపడతారు.

"నాకేం కాదు. శనివారం నాకు అలవాటేగా."

"అవునులెండి. మీరు దేవుడి కోసం మానతారు, మేం కుండ చూసి మానతాం. మొత్తానికి అందరం మానేవాళ్ళమే," అని మగ్దలేనమ్మ గొట్టం అందుకుని ఒక్క ఊదు ఊదింది. మంట గుప్పున లేచింది. చెట్ల నీడన కూర్చున్న ముఠా అంతా ఒకసారి అటు చూసి, ఏమీ పట్టనట్టు మళ్ళీ తలలు తిప్పుకుంది. అన్నం వైపు ఆశగా చూడటం కూడా వాళ్ళకి నామోషీయే. అది సీతారావమ్మకి తెలుసు. నడుముల దగ్గర తువ్వాళ్ళు బిగించుకున్నారు, చేతుల మీద మామిడి సొన పడి కాలిన నల్లటి చారలు, వేసవి అంతా చిన్న రసాలు, పెద్ద రసాలు కోసి కోసి వాళ్ళకి కాయ వాసన వేస్తేనే కడుపులో తిప్పుతుందట. కాయ తిని ఎంతకాలం ఉంటారు మనుషులు? పిట్టలా?

కంట్రోలు. ఆ మాట ఊళ్ళోకి రావడం ఆమెకి బాగా గుర్తు. యుద్ధం రోజులు. దీపంలోకి చమురు లేక పొద్దుండగానే తిని పడుకునే రోజుల్లో, రచ్చ దగ్గర ఒక కొట్టు తెరిచి దాన్ని కంట్రోలు కొట్టు అన్నారు. అది కొట్టతని ఇంటిపేరు కాబోలు అనుకుంది తను. తర్వాత బియ్యం వచ్చాయి, కంట్రోలు బియ్యం, ముక్క వాసన, బియ్యం కన్నా రాళ్ళు తెల్లగా ఉండేవి. తర్వాత గుడ్డ వచ్చింది. ఒకటే తాను, ఒకటే పువ్వు, ఊళ్ళో ఆడవాళ్ళందరికీ అదే చీర, రేవు దగ్గర వంగి ఉతుకుతుంటే వెనక నించి ఎవరు ఎవరో తెలీక మొగుళ్ళు తికమక పడుతున్నారని మగ్దలేనమ్మ పడీ పడీ నవ్వేది. ఆ తర్వాత ఆ మాట కొట్లోంచి బయటికి నడిచి వచ్చింది. పలచని మజ్జిగ కంట్రోలు మజ్జిగ. పదిమందిని పిలిచి కానిచ్చేసింది కంట్రోలు పెళ్ళి. పళ్ళు బయటపడకుండా నవ్వే మునసబు గారిది కంట్రోలు నవ్వు. ఆరాలు తీసే ఉద్యోగి ఊళ్ళోకి వస్తే ఆయన పేరేమిటో ఎవరూ అడగరు, కంట్రోలొచ్చాడు అంటారు, గాదెలు మూసుకుంటారు. మగ్దలేనమ్మ చెల్లెలికి నెల తక్కువలో గుప్పెడంత పిల్ల పుడితే, గుడిలో పాదిరి గారు చక్కటి పేరే పెట్టారు గాని, పేటంతా దాన్ని కంట్రోలనే పిలిచింది, ఇప్పుడు బళ్ళో మేష్టారు కూడా ఏమే కంట్రోలూ అనే పిలుస్తాడట. ఇంగ్లీషు వాళ్ళ దేశంలో కూడా ఈ మాట ఇంత చాకిరీ చేస్తుందా? లేక మన ఊరొచ్చాకే దాని మెడలు వంచి ఇన్ని పనులు చేయిస్తున్నామా, పెద్దింట్లో పడ్డ చిన్న కోడలి చేత చేయించినట్టు? ఇంగ్లీషు వాళ్ళు ఓడలెక్కి వెళ్ళిపోయారు, రెండేళ్ళు కావస్తోంది, మాటని మాత్రం ఇక్కడే వదిలిపోయారు.

ఎసరు అంచుల దగ్గర చిన్న చిన్న బుడగలు లేస్తున్నాయి. ఇంకాసేపు.

తన ఇంట్లోకి ఆ మాట వచ్చింది మాత్రం కొట్లోంచి కాదు, నూజివీడు డాక్టరు గారి దగ్గర నించి. ఆయనకి చక్కెర జబ్బని చెప్పి, అన్నం కంట్రోలు చేసుకోవాలండీ అన్నాడట డాక్టరు. ఆయన ఇంటికొచ్చి అందరి అన్నమూ కంట్రోలు చేశారు. గాదె తాళంచెవి అత్తగారి బొడ్లోంచి ఆయన మొలతాడుకి మారింది అప్పుడే. పాలేళ్ళకి పెట్టే చద్ది తగ్గింది. వచ్చేపోయేవాళ్ళకి అరుగు మీద పెట్టే కాస్తంత ఫలహారం పోయింది. ఎందుకండీ అంటే కంట్రోలు అనేవారు. మొదట్లో అది ప్రభుత్వం కంట్రోలో, డాక్టరు కంట్రోలో, ఆయన కంట్రోలో ఆమెకి తెలిసేది కాదు. అన్నిటికీ ఒకటే మాటైతే ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది? ఒకసారి గట్టిగా అడిగితే, నీ నోరు ముందు కంట్రోల్లో పెట్టుకో అన్నారు, పాలేళ్ళ ముందు, ఎడ్ల ముందు. నోరు మూసుకుంది. ఆ రాత్రి కాదు, చాలా రోజుల తర్వాత పప్పు రుబ్బుతుంటే ఉన్నట్టుండి ఆ మాట గుర్తొచ్చి పొత్రం ఎత్తి పడేసింది, రోలు అంచు కాస్త పెచ్చు లేచింది, ఇప్పటికీ అలాగే ఉంది. పురాణం చెప్పడానికి వచ్చే శాస్త్రి గారు ఇంకోలా చెప్పారు. ఇంద్రియాలు గుర్రాలమ్మా, మనసు కళ్ళెం, నిగ్రహం అంటే ఏమిటో అనుకునేరు, మన కంట్రోలే, అని ఆయన చమత్కారం చేస్తే అందరూ నవ్వారు. తను నవ్వలేదు. అలా అయితే కళ్ళెం గుర్రం నోట్లోనే ఉండాలి, పట్టేది లోపలున్న ఆత్మ. మరి ఒకళ్ళ కళ్ళెం ఇంకొకళ్ళు పట్టుకోవడాన్ని ఏమంటారు శాస్త్రి గారూ? అడగలేదు. నోరు కంట్రోల్లో ఉంది కదా.

ఒక్కసారి మాత్రం ఆ మాట ఆమెకి తియ్యగా వినపడింది. మైలవరం నించి వస్తున్నారు, బొగ్గు బస్సులో, వెనకాల కొలిమిలా పొయ్యి కట్టుకుని దగ్గుకుంటూ నడిచే బస్సు. గట్టు దిగుతుంటే బ్రేకు పట్టలేదు. కంట్రోలు పోయిందండోయ్, గట్టిగా పట్టుకోండి అని డ్రైవరు కేక పెట్టాడు. అందరూ గోవిందా గోవిందా అన్నారు, పక్కన ఆయన ముందు సీటు కడ్డీని రెండు చేతులా కావలించుకున్నారు. తనూ గోవిందా అంది, కాని గాలి మొహానికి కొట్టి కొంగు ఎగిరిపోతుంటే, ఎవరి చేతిలోనూ లేని ఆ బండి తనంతట తనే పరుగెడుతుంటే, లోపల ఎక్కడో చిన్నప్పుడు ఉయ్యాల ఊగినప్పటి ఆనందం. బస్సు ఒక జొన్న చేలోకి పోయి మెత్తగా ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. తను నవ్వుతోంది. ఆయన ఎర్రగా చూశారు. చచ్చేవాళ్ళం, నవ్వుతావేమే అన్నారు. చావలేదుగా అంది. ఆ మాట ఎలా వచ్చిందో!

"మరిగిందమ్మగోరూ," అంది మగ్దలేనమ్మ.

సీతారావమ్మ లేచింది. కళ్ళు కాస్త తిరిగాయి, చెట్టు మొదలు పట్టుకుని నిలబడింది, గాజులు మోచేతి దాకా జారాయి. ఇంటి నించి బియ్యం తెచ్చిన కాగు దగ్గరికి వెళ్ళి మూత తీసింది. వేపాకు వాసన, దాని అడుగున పాత బియ్యపు వాసన. చెరిగి, ఏరి, తెల్లవారకముందే కడిగి ఆరబెట్టి మళ్ళీ అందులోనే పోసి తెచ్చింది. రెండు చేతులూ నింపి, చిన తిరుపతి వెంకన్నకి దణ్ణం పెట్టుకుని, మొదటి దోసెడు ఎసట్లో వేసింది. స్వామీ, ఇవి నీకని దాచినవా, వీళ్ళకని దాచినవా, నాకు సరిగ్గా తెలీదు. నీ గదిలోనే దాచాను. నువ్వు చూస్తూనే ఉన్నావు. తప్పయితే ఇన్నాళ్ళలో ఒక పురుగైనా పట్టించి చెప్పేవాడివి కదా.

చివరి చెట్టు అన్నం ఆమె పెట్టిన ఆనవాయితీ కాదు. అత్తగారు వెంకాయమ్మ గారిది, ఆవిడ అత్తగారిది కూడానేమో. కోతల ఆఖరి రోజున, ఈ ముసలి పెద్ద రసం చెట్టు కాయ ముట్టుకునే ముందు, తోటలో చెయ్యి పెట్టిన ప్రతివాడికీ ఈ చెట్టు కిందే కడుపు నిండా అన్నం. తిన్నాకే చెట్టెక్కాలి. చివరి కాయ తెంపేవాడి కళ్ళలో ఆకలి ఉండకూడదే, ఆకలి కళ్ళు పడ్డ చెట్టుకి మరుసటేడు పూత నిలవదు అనేది ఆవిడ. ఆవిడ వడ్డించే తీరు సీతారావమ్మకి అప్పట్లో అందంగానే కనిపించేది. నడుం వంచకుండా, నిలువునా నిలబడి, గరిటె పైనించి వంచితే ముద్ద టపీమని విస్తట్లో పడేది, పులుసు వాళ్ళ మోకాళ్ళ మీద చిందేది. పాపం ఆవిడకి మడి. ఆవిడ పోయాక కంట్రోలు అడ్డం వచ్చింది. ఇంతమందికి మించి ఒక్కచోట అన్నం పెట్టకూడదట, పెడితే కేసట. సరే, రాజు మాట. ఊరుకుంది. ఆకలి కళ్ళతోనే వాళ్ళు చెట్టెక్కారు, ఒక ఏడు, ఇంకో ఏడు. పూత రాలింది. తేనెమంచు పురుగు అన్నారు ఆయన. పురుగే కావచ్చు. ముసునూరు వైపు తోటల్లో కూడా పోయిందిగా, అక్కడెవరి ఆకలి పడింది? చెట్టుకి నిజంగా తెలుస్తుందా అని తను చాలాసార్లు ఆలోచించింది. చెట్టుకి తెలియకపోవచ్చు. తనకి తెలుసుగా.

అసలు సంగతి పోయినేడు బయటపడింది. కంట్రోలు ఎత్తేశారు. కొట్టు మూసేశారు, ఊరంతా పండగ చేసుకుంది. తను పరుగున వెళ్ళి, ఏమండీ ఈసారి చివరి చెట్టు అన్నం పెట్టుకోవచ్చండీ అంది. ఆయన అరుగు మీద కూర్చుని కాళ్ళూపుతూ నవ్వారు. ఎత్తేసింది వాళ్ళే, మనం ఎత్తాలని ఏముందీ? అలవాటు తప్పింది, తప్పిందే మంచిది, అన్నారు. అంతే. అప్పుడు తెలిసింది ఆమెకి ఏ కంట్రోలు ఎవరిదో. ఇన్నేళ్ళూ ఢిల్లీనీ మద్రాసునీ తిట్టుకుంది, పాపం వాళ్ళు. ఇప్పుడు మళ్ళీ పెట్టారు, కొట్టు మళ్ళీ తెరిచారు, ఆయన మొహంలో ఎంత నిశ్చింతో! కాని పోయినేడు ఆయన అలా నవ్విన రోజు శనివారం. తన వంతు బియ్యం, వండకుండా మిగిలేవి, మామూలుగా గాదెలోకి తిరిగి పోయేవి. ఆ రోజు పోలేదు. సోలతో కొలిచి దేవుడి గదిలో, దీపపు స్తంభం వెనక, ఈ కాగులో పోసింది. ఆ తర్వాత ప్రతి శనివారం, ప్రతి ఏకాదశి, కార్తీక సోమవారాలు, శివరాత్రి. నడుమ ఊరికే ఆకలి లేదన్న రాత్రులు కూడా కొన్ని. అవి ఏ దేవుడి ఖాతాలో పడతాయో తెలీదు. అబద్ధం ఆడిన ఉపవాసాలు. కాని కాగుకి అబద్ధం తెలీదు, నిండింది.

"ఇయ్యన్నీ ఎక్కడియ్యమ్మగోరూ? గాదె తాళం అయ్యగారి దగ్గరేగా?" గరిటెతో కలుపుతూ మగ్దలేనమ్మ మెల్లిగా అడిగింది. "మా మీదికేం రాదు గదా?"

సీతారావమ్మ చెప్పింది. నాలుగు మాటల్లో. చెప్పాక సిగ్గేసింది, గొప్ప చెప్పుకున్నట్టయిందేమోనని. మగ్దలేనమ్మ కలపడం ఆపేసి ఆమె చేతుల వంక, మోచేతి దాకా జారిన గాజుల వంక చూసింది. ఏదో ఎకసెక్కెం ఆడుతుందనుకుంది. ఆడలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, "పొగ," అంది.

అన్నం పొంగుతోంది. మూత ఎగిరెగిరి పడుతోంది. ఒక మెతుకు వేళ్ళ మధ్య నలిపి చూసింది, పలుకుంది, ఇంకొక్క ఉడుకు. విస్తళ్ళు పరిచేశారు. మామిడికాయ పప్పు దించి పెట్టారు, కొత్తావకాయ జాడీ తెరిచారు, ఆవఘాటుకి ఎవరో తుమ్మారు, సత్యం అన్నారు ఇంకెవరో. గంజి వార్చడానికి ఇద్దరు మగవాళ్ళు గుండిగ చెవులు పట్టుకుని వంచారు. తెల్లటి గంజి కాలవలోకి పోకుండా మగ్దలేనమ్మ కుండలు పట్టింది, సాయంత్రం ఇళ్ళకి తీసుకుపోతారు. అప్పుడు వినపడ్డాయి మువ్వలు.

ఉడకడం అయింది. వార్చడం అయింది. గరిటె చేతిలో ఉంది. మొదటి విస్తరి మగ్దలేనమ్మది. సీతారావమ్మ నడుం వంచింది. వంగితేగాని తెలియలేదు, విస్తట్లోకి మెత్తగా జారే అన్నం చప్పుడు చెయ్యదని. రెండోది. మూడోది. బండి దిగిన చెప్పుల చప్పుడు. నాలుగోది.

"ఏమేవ్!"

ముఠా అంతా లేవబోయింది. "కూర్చోండి," అంది సీతారావమ్మ. తన గొంతేనా అది? కూర్చున్నారు.

వీరరాఘవయ్య గారు కండువాతో చెమట తుడుచుకుంటూ గుండిగని, విస్తళ్ళని, చెట్టు మీద వేలాడుతున్న కాయని చూశారు. గొంతు తగ్గించారు. ఆయన కోపం వస్తే గొంతు తగ్గిస్తారు. "ఎవడైనా వెళ్ళి చెబితే కేసవుతుంది, తెలుసా? ఇన్ని బియ్యం ఎక్కడివి?" చెయ్యి తనంతట తనే మొలతాడు దగ్గరికి పోయింది. తాళంచెవి అక్కడే ఉంది.

"గాదెలోవి కావండీ. నేను తిననివి."

ఆయనకి అర్థం కాలేదు. ఆమె ఇంకో విస్తట్లో వడ్డించింది. అప్పుడు అర్థమయింది. మొహంలో అది నెమ్మదిగా దిగడం ఆమె చూసింది, బావిలో బొక్కెన దిగినట్టు.

"నా ఆయుష్షు కోసం ఉంటున్నానన్నావు కదే ఉపవాసాలు?"

"మీ ఆయుష్షుకేం కాదు. ఇంతమంది తిని చల్లగా ఉండాలని దీవిస్తే తగ్గుతుందా?"

"నీకు బొత్తిగా కంట్రోలు లేకుండా పోయింది."

"ఉందండీ," అంది సీతారావమ్మ. "ఏడాది పొడుగునా ఉంది. గుండిగలో చూసుకోండి."

ఆయన చూశారో లేదో ఆమె చూడలేదు. వరస చివరిదాకా వడ్డించింది. అందరి ముందూ అన్నం ఉంది, ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఆయన్ని చూసి జంకుతున్నారేమో అనుకుంది. మగ్దలేనమ్మ మోకాలి మీద చెయ్యి వేసుకుని కూర్చుంది, ఇందాకటి పొగ కళ్ళలోంచి పోయింది, పాత నోరు తిరిగొచ్చింది.

"పెద్దమ్మగోరు ఏమనేవోరు? ఆకలి కళ్ళు పడితే చెట్టుకి పూత నిలవదనేగా? మరి మీయి కళ్ళు కావా? ఏడాది నించి ఆకలితో ఉన్నయ్యి ఈ తోటలో మీ కళ్ళే. మీరు కూకుంటేనే మేం ముట్టేది. లేపోతే మీ చెట్టు మీరే ఎక్కి కోసుకోండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. సీతారావమ్మ నవ్వలేదు. శనివారం. పొద్దు ఇంకా గుంకలేదు. పెళ్ళయిన నాటి నించీ ఒక్క శనివారం తప్పలేదు. స్వామీ, ఏం చెయ్యమంటావు? గాలికి చెట్టు కదిలింది, కాయలు ఒకదానికొకటి తగిలి మెల్లిగా చప్పుడు చేశాయి. అంతకన్నా ఏమీ వినపడలేదు. సరే, నువ్వు చెప్పకపోతే నేనే చెప్పుకుంటాను.

గరిటె గుండిగలో పెట్టింది. ఒక విస్తరి తీసుకుని, మగ్దలేనమ్మ పక్కన, వరసలోనే, నేల మీద కూర్చుంది. మగ్దలేనమ్మ లేచి, చెయ్యి కడుక్కుని, గుండిగలోంచి ఆమెకి వడ్డించింది, కొసరు కూడా వేసి, మళ్ళీ వచ్చి తన చోట కూర్చుంది. ముద్ద కలిపింది సీతారావమ్మ. వేడికి వేళ్ళు చురుక్కుమన్నాయి. తన శనివారాలన్నీ, తన ఏకాదశులన్నీ, అబద్ధపు రాత్రులన్నీ ఒక్క ముద్దలో ఉన్నాయి. నోట్లో పెట్టుకుని తల పైకెత్తి చివరి చెట్టు వంక చూసింది, వెలుగుకి కళ్ళు చికిలించకుండా. చుట్టూ చేతులు కదిలిన చప్పుడు.

పప్పు ఇంకా వడ్డించలేదు. వడ్డించేవాళ్ళంతా కూర్చునే ఉన్నారు. నిలబడి ఉన్నది ఆయనొక్కరే. గరిటె గుండిగలోనే ఉంది. ఆయన వెనక్కి తిరిగి బండెక్కుతారో, కండువా నడుముకి చుట్టుకుని గరిటె అందుకుంటారో చూడాలని ఆమెకి అనిపించలేదు. రెండో ముద్ద కలుపుకుంది.